మ్యాచింగ్ చూపించడం ఉచితం, పికోకి డబ్బులు

ప్రశ్న: అప్పా, నమస్కారం. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మాకో మ్యాచింగ్ సెంటరు ఉంది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, లేసులు, మగ్గం వర్కు సామాను అమ్ముతాం. నాకు చిన్నప్పట్నుంచీ ఎంబ్రాయిడరీ పిచ్చి. అది తెలిసి ఈమధ్య కొందరు, అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన నీడిల్‌పాయింట్ కాన్వాసులు పట్టుకొస్తున్నారు. బొమ్మ రంగులతో వేసి ఉంటుంది గానీ, ఎక్కడ ఏ కుట్టు వేయాలో చెప్పే కాగితం ఉండదు. పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ టీచరుగారు అంబారీ ఏనుగు బొమ్మ తెచ్చారు. మూడు రాత్రులు కూర్చుని ఆరు పేజీల స్టిచ్ గైడ్ రాసిచ్చాను. దారాలు నా దగ్గరే కొంటారు కదా అని డబ్బులడగలేదు. ఆవిడ రెండు కట్టలు కొని మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. నా కాగితాల ఫోటోలు వాట్సాప్‌లో తిరిగాయి. ఇంకో నలుగురు వచ్చి "ఏనుక్కి రాశావు కదా, మా చిలక్కీ రాసిపెట్టు" అని కూర్చున్నారు. ఒక శనివారం సాయంత్రం, కొట్టు నిండా జనం ఉండగా టీచరుగారు వచ్చి "నువ్వు రాసినట్టే కుట్టానమ్మా, కింద తెల్లగా కనబడిపోతోంది, దారం కూడా చాల్లేదు" అన్నారు. నాకు ఒళ్ళు మండి "ఫ్రీగా రాసిస్తే ఇలాగే ఉంటుంది, డబ్బులిచ్చుంటే బాగా రాసేదాన్ని" అనేశాను. ఆవిడ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నాకు పొగరని నలుగురి దగ్గరా అంటున్నారట. ఈ గొడవ మనకెందుకు, లేసులు అమ్ముకో అంటారు మా ఆయన. గైడుకి డబ్బులు తీసుకోవడం తప్పా? నేనన్నది తప్పా? గైడు ఫోటోలు కూడా పంపుతున్నాను. (కొట్టు పేరు రాయకండి.)

సమాధానం: అమ్మా, డబ్బులు తీసుకోవడం తప్పు కాదు. మొదటి రోజే తీసుకోవాల్సింది. ఆ మాట అనడం మాత్రం తప్పే. మూడోది మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. మీ ఆరు పేజీలూ ఫోన్లో పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను. టీచరుగారి ఫిర్యాదులో నిజం ఉంది.

ముందు డబ్బు సంగతి. మీ కొట్లో ఒక లెక్క ఎప్పట్నుంచో నడుస్తోంది, మీరే గమనించినట్టు లేదు. చీర పట్టుకొచ్చిన మనిషికి ముప్ఫై జాకెట్టు ముక్కలు కిందికి దింపి, వీధి వెలుతురులోకి తీసుకెళ్ళి మరీ చూపిస్తారు. ఒక్కటీ నచ్చక వెళ్ళిపోయినా పైసా అడగరు. అదే చీరకి ఫాల్ వేసి పికో చెయ్యమంటే ఇంత అని చెబుతారు, ఆవిడ ఇచ్చి వెళ్తుంది. "ఏటమ్మా, అంచు కుట్టడానికి కూడా డబ్బులేటి?" అని ఎవరైనా అన్నారా ఇన్నేళ్ళలో? అనరు. మ్యాచింగ్ చూపించడం అమ్మకంలో ఉన్నదే, పికో పని. ఆ గీత ఎక్కడుందో ఊరందరికీ తెలుసు, గోడ మీద రేటు కూడా రాసి ఉంటుంది. నీడిల్‌పాయింట్ దగ్గరికొచ్చేసరికి ఆ గీత ఎక్కడుందో కొనేవాళ్ళకి తెలీదు, మీరూ గీయలేదు. గీయని గీత దాటారని మనిషి మీద కోప్పడ్డారు.

ఆ గీత ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచింది చెబుతాను. ఈ పని ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు ముందు. నీడిల్‌పాయింట్ అంటే మనకి బొత్తిగా కొత్తదేం కాదు. పాత ఇళ్ళలో గుమ్మం పైన అద్దం వేసి కట్టిన ఊలు చిలకలు, కుక్కపిల్లలు చూసే ఉంటారు. గట్టి కాన్వాసు గళ్ళలో గుడ్డ కనబడకుండా మొత్తం దారంతో నింపేసే పని అది. మేటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ వేస్తే చుట్టూ గుడ్డ అలాగే మిగులుతుంది, ఇందులో మిగలదు. అమెరికాలో ఆ కాన్వాసు మీద బొమ్మ చేత్తో రంగులు వేసి అమ్ముతారు. మంచి కాన్వాసు అయితే ఒక్కొక్క గడి చూసుకుంటూ, దారాలు కలిసే చోట రంగు పడేలా వేస్తారు, అందుకే అంత ఖరీదు. బొమ్మ అంతా ఒకే చిన్న ఏటవాలు కుట్టుతో నింపేయొచ్చు, దాన్ని టెంట్ స్టిచ్ అంటారు. లేదా ఒక్కో చోట ఒక్కో రకం కుట్టు, ఒక్కో రకం దారం వాడొచ్చు. ఎక్కడ ఏది, ఎన్ని పోగులు, ఏ వరసలో అని చెప్పేదే స్టిచ్ గైడ్.

ఇక గీత. కాన్వాసు ఇంచుకి ఎన్ని గళ్ళున్నాయో స్కేలు పెట్టి లెక్కపెట్టి చెప్పడం ఉచితం. 13 గళ్ళదైతే 20వ నంబరు సూది, 18 గళ్ళదైతే 22, లావుపాటి 10 గళ్ళదైతే 18 అని చెప్పడం ఉచితం. సూది నంబరు పెరిగితే సూది సన్నబడుతుందని, మొన మొద్దుగా ఉన్నదే కావాలని, మొన ఉన్నదైతే కాన్వాసు దారాన్ని చీల్చేస్తుందని చెప్పడమూ ఉచితమే. దారం మూరెడు, అంటే 18 ఇంచుల కంటే పొడుగు తీసుకోవద్దని, జరీలాంటి మెటాలిక్ దారమైతే ఇంకా పొట్టిగా తీసుకోవాలని, లేకపోతే నలిగి పీచు లేస్తుందని చెప్పడానికి అర నిమిషం పట్టదు. కుట్టు మొదలెట్టేటప్పుడు ముడి ఎక్కడ వెయ్యాలో చెప్పడం, ఒక వరస వేసి చూపించడం, ఇవన్నీ అమ్మకంలోవే. ఇవి చెప్పకుండా దారం అమ్మితే అది కిరాణా కొట్టు.

ఒక్కో బొమ్మ ముందేసుకుని, తొండానికి ఏం వెయ్యాలి, అంబారీకి ఏం వెయ్యాలి, వెనకాల నేపథ్యం ఎలా నింపాలి అని మూడు రాత్రులు ఆలోచించి రాయడం పికో లాంటిది. దానికి రేటు ఉండాలి. ఆ రేటు మీరు నోటితో చెప్పకూడదు, గోడ చెప్పాలి.

ఇలా కాగితానికి డబ్బు పుచ్చుకోవడం ఎవరో నిన్న కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో గళ్ళ కాగితం మీద నమూనాలు అచ్చేసి, చేత్తో రంగులు వేసి అమ్మేవారు. వాటిని చూసి కాన్వాసు మీద ఊలుతో కుట్టేవారు. ఆ పనికి బెర్లిన్ వూల్ వర్క్ అనే పేరే స్థిరపడిపోయింది. ఊలు సంగతి అలా ఉంచి, కాగితమే సరుకు. ఈరోజు అమెరికాలో కుట్టు సామాను కొట్లలో కూడా కాన్వాసు ధర వేరు, దారాల ధర వేరు, గైడు ధర వేరు. కొన్నిచోట్ల కాన్వాసు తమ దగ్గర కొన్నవాళ్ళకే గైడు ఇస్తారు. మీ దగ్గరికొచ్చిన కాన్వాసులతో పాటు గైడు రాకపోవడానికి కారణం చాలాసార్లు అదే. పంపిన పిల్లలు బొమ్మ నచ్చి కొన్నారు, కాగితం వేరే కొనాలని వాళ్ళకి తట్టలేదు. ఇక మీదట ఎవరైనా కాన్వాసు తెస్తే ముందు "దీనికి గైడు దొరుకుతుందేమో మీ అమ్మాయిని అడగమనండి" అని చెప్పండి. దొరికితే మీకు మూడు రాత్రులు మిగులుతాయి. చెప్పడం వల్ల ఒక బేరం పోతుందనిపిస్తుంది గానీ, ఆ మనిషి దారాల కోసం మీ దగ్గరికే వస్తుంది.

(ఈ అంబారీ ఏనుగు సంగతి చదివి నవ్వుకున్నాను. మన ఏనుగుని ఎవరో అక్కడ బొమ్మ గీసి, రంగేసి, డాలర్లకి అమ్మితే, అది సముద్రాలు దాటి మళ్ళీ విజయనగరం కోట నీడకే వచ్చింది.)

ఇప్పుడు మీ గైడు. రెండో పేజీ, "నేపథ్యం: స్కాచ్ స్టిచ్, యాంకర్ దారం, 3 పోగులు" అని రాశారు. కాన్వాసు 13 గళ్ళది అని మీరే మొదటి పేజీలో రాసుకున్నారు. అక్కడే పోయింది. కట్టలో దారం 6 పోగులుగా వస్తుంది, మీకు నేను చెప్పక్కర్లేదు. 18 గళ్ళ కాన్వాసు మీద 3, 4 పోగులు సరిపోతాయి. 13 గళ్ళకి 3 పోగులు వేస్తే చలిమిడి ముద్ద మీద పలచగా పంచదార చల్లినట్టు ఉంటుంది, లోపలిదంతా కనబడుతుంది. 5 పోగులో 6 పోగులో వెయ్యాలి, లేదా 5వ నంబరు పెర్ల్ కాటన్ (పోగులు విడదీయకుండా వాడే మెలితిప్పిన దారం) ఒంటి దారం. మీరు బహుశా 18 గళ్ళ మీద కుట్టిన వీడియో ఏదో చూసి ఆ లెక్క ఇక్కడ వేసినట్టున్నారు. టీచరుగారు "తెల్లగా కనబడుతోంది" అన్నది దీని గురించే. ఆవిడ కుట్టడంలో లోపం లేదు.

ఇంకోటి. స్కాచ్ స్టిచ్ అంటే మూడు గళ్ళు మూడు గళ్ళ చదరంలో అయిదు ఏటవాలు కుట్లు: చిన్నది, దాని పక్కన కాస్త పెద్దది, మధ్యలో పొడుగుది, మళ్ళీ దిగుతూ రెండు. చదరాలు చదరాలుగా వస్తుంది, చాలా అందం. కానీ ఆ చదరాలు ఏనుగు వీపు వంపు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా పట్టవు. సగం చదరం, ముప్పావు చదరం పడుతుంది. అక్కడేం చెయ్యాలి? మీ గైడులో "అంచుల్లో మీ ఇష్టం" అని ఉంది. ఇష్టమైతే మిమ్మల్ని ఎందుకు అడుగుతారమ్మా?

ముగ్గు తీసుకోండి. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అని చెప్తే మన ఊళ్ళో ఏ గుంటైనా పెట్టేస్తుంది. అందులో ఇష్టం లేదు. ఎన్ని చుక్కలు, ఎలా తగ్గాలి, ఎక్కడ ఆగాలి, మూడూ ఉన్నాయి. రంగులు మీ ఇష్టం అనండి, ఫరవాలేదు. చుక్కలు మీ ఇష్టం అంటే ముగ్గు నిలవదు. గైడులో కూడా అంతే. వంపు దగ్గర సగం చదరం ఎలా వెయ్యాలో ఒక చిన్న గళ్ళ బొమ్మ గీసి చూపించాలి. సూత్రం తేలిక: పూర్తి చదరం అక్కడ ఉందనుకుని, ఏనుగు ఒంటి మీదికి పోయే భాగాన్ని మాత్రం వదిలేసి, మిగిలిన కుట్ల ఏటవాలు మారకుండా పొట్టివి చెయ్యడం. మొదటి చదరాన్ని వంపు దగ్గర కాకుండా, ఖాళీ ఎక్కువగా ఉన్న చోట, ఏనుగు తల పైన మొదలెట్టమని రాయండి. అక్కడ రెండు మూడు వరసలు నిండుగా వచ్చాక నమూనా చేతికి అలవాటవుతుంది, అప్పుడు వంపు దగ్గర తడబడరు.

ఏనుగు ఒంటికి మీరు రాసిన పొడుగు కుట్లు కూడా మార్చాలి. ఆ బొమ్మలో ఏనుగు ఒళ్ళంతా బూడిదరంగు మూడు నాలుగు ఛాయల్లో ఉంది, పొట్ట కింద ముదురు, వీపు మీద లేత. ఛాయలు మారే చోట పొడుగు కుట్టు వేస్తే ఒక రంగు ఇంకో రంగులోకి చొరబడి ఏనుగు ఒళ్ళు అతుకులేసినట్టు కనబడుతుంది. ఛాయలున్న చోట చిన్న టెంట్ కుట్టే. అందులోనూ బాస్కెట్‌వీవ్ పద్ధతిలో, అంటే ఐమూలగా పైకీ కిందికీ వెళ్ళే వరసల్లో వెయ్యమనండి. వెనక వైపు చాప అల్లినట్టు వస్తుంది, కాన్వాసు ఐమూలగా లాగేసుకోదు. ఒకే రంగు ఉన్న చోట్ల, అంబారీ గుడ్డ మీద, నేలమీద, అక్కడ చూపించుకోండి మీ సరదా కుట్లు. అంబారీకి మీరు రాసిన మొజాయిక్ స్టిచ్, పైన మెటాలిక్ దారం, చాలా బావుంది, దాన్ని ముట్టుకోకండి. ముడికుట్లతో వేసే ముత్యాల్లాంటివి మాత్రం ఆఖర్న వెయ్యమని రాయండి, లేకపోతే కుట్టేటప్పుడు చెయ్యి రాసుకుని నలుగుతాయి. కన్నుకి ఏ హంగూ వద్దు.

ఇక "దారం చాల్లేదు" అన్న మాట. ఇది నాకు బాగా తగిలిన దెబ్బ, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళంలో ఒక కొట్లో ఊలు కొన్నాను, ఆకుపచ్చది, కొమ్మ మీద రెండు చిలకల వెనకాల నింపడానికి. ముప్పావు నిండాక ఊలు అయిపోయింది. మళ్ళీ వెళ్తే కొట్టాయన అదే నంబరు తీసిచ్చి "అదే రంగు తల్లీ, దీపం కింద అలా కనబడుతుందంతే" అన్నాడు. ఇంటికొచ్చి కుట్టేశాను. ఒకే నంబరైనా రంగులో ముంచిన తడవ మారితే ఛాయ మారుతుందని అప్పటికి నాకు తెలీదు. ఆ ఫ్రేము ఇప్పటికీ మా ముందు గదిలో ఉంది. అడుగున నాలుగు వేళ్ళ మందాన పచ్చదనం వేరే. మా మనవడు "అక్కడ చెరువుందా అమ్మమ్మా?" అని అడుగుతాడు. ఉందని చెప్పేశాను.

కాబట్టి దారం లెక్క గైడులో తప్పకుండా ఉండాలి, ఊహించి రాయకూడదు. ఎలా లెక్కెయ్యాలంటే, అదే 13 గళ్ళ కాన్వాసు ముక్క మీద, అదే కుట్టు, అదే పోగులతో, నిలువు ఇంచు అడ్డం ఇంచు చదరం కుట్టి చూడండి. ఎంత దారం పట్టిందో కొలవండి. టెంట్ కుట్టయితే 13 గళ్ళ చదరపు ఇంచులో 169 కుట్లు పడతాయి. బాస్కెట్‌వీవ్‌లో మొదలు చివరల వృథా కలుపుకుంటే మీటరుంపావు దాకా పట్టిందనుకోండి. నేపథ్యం 6 ఇంచులు 5 ఇంచులు, అంటే 30 చదరపు ఇంచులైతే, 37న్నర మీటర్లు. కట్టకి 8 మీటర్లు. అయిదు కట్టలు కావాలి, ఆరోది జాగ్రత్తకి. ఆరూ ఒకేసారి, ఒకే లాటువి, అంటే ఒకే తడవ రంగులో ముంచినవి ఇవ్వాలి. విప్పని కట్ట తిరిగి తెస్తే తీసుకుంటానని ముందే చెప్పండి, అప్పుడు ఆరోది కొనడానికి ఎవరూ వెనకాడరు. టీచరుగారు రెండే కట్టలు మీ దగ్గర కొని మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించారని మీకు కోపం. ఎన్ని కావాలో మీరు రాస్తే గదా, అన్నీ మీ దగ్గర కొనడానికి! రెండయ్యాక చాలక, శనివారాలు మీ కొట్టు రద్దీ చూసి, ఫోన్లో నొక్కేసి ఉంటారు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళని తప్పుపట్టడం మనకి అలవాటైపోయింది గానీ, చాలాసార్లు అక్కడికి తోసేది మనమే.

గైడు రేటు ఎంత పెట్టాలని మీరు అడగలేదు, నేనూ అంకె చెప్పను. మీ రెండు గంటల పికో పనికి ఎంతొస్తుందో అక్కణ్ణుంచి మొదలెట్టండి. కాగితం ఒక్కటే కావాలంటే పూర్తి రేటు, దారాల సెట్టుతో కలిపి తీసుకుంటే సగం తగ్గింపు. డబ్బులిచ్చిన మనిషికి ఆ బొమ్మ పూర్తయ్యేదాకా సందేహాలు తీర్చే పూచీ మీది. అసలు వాళ్ళు కొనేది ఆ పూచీనే. వాట్సాప్‌లో ఫోటోలు తిరగడం గురించి ఎక్కువ కుమిలిపోకండి. కుట్టు ఎవరి సొత్తూ కాదు, స్కాచ్ స్టిచ్ మీదీ కాదు నాదీ కాదు. మీరు రాసిన మాటలు, గీసిన గళ్ళ బొమ్మలు మాత్రం మీవి, 1957 నాటి కాపీరైట్ చట్టం వాటిని కాస్తుంది. అలాగని టీచరుగారి మీద కేసు పెడతారా? ప్రతి పేజీ కింద మీ పేరు, తారీఖు, "ఒకరి వాడకానికి మాత్రమే" అని రాయండి, మర్యాదస్తులకి అది చాలు. ఫోటో చూసి వచ్చినవాళ్ళకి కూర్చుని వివరించడం ఉచితం కాదని గోడ చెబుతుంది. ఇదే న్యాయం మీకూ వర్తిస్తుంది: కాన్వాసు మీద బొమ్మ ఎవరో గీసింది. దాన్ని ఫోటో తీసి గైడులో అతికించి అమ్మకండి, ఇంకో కాన్వాసు మీదికి ఎక్కించి అసలే అమ్మకండి. తొండం, చెవి, అంబారీ అని పేర్లతో చెబితే అసలు కాన్వాసు ముందున్న మనిషికి అర్థమవుతుంది.

డబ్బులు పుచ్చుకోవడం మొదలెట్టాక బిల్లు ఇవ్వండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అనే బోర్డు మీ ఫోటోలో వెనకాల కనబడుతోంది, దాన్ని తీసేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని మొండికెయ్యడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజులు. రంగు వెలిసే దారం అమ్మి బోర్డు చూపిస్తే చెల్లదు.

పొందూరు ఖద్దరు ధర విని నోరెళ్ళబెట్టేవాళ్ళని, వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న ఆడవాళ్ళ ముందు పది నిమిషాలు కూర్చోబెడితే బేరం మానేస్తారు, నేను కళ్ళారా చూశాను. మీ మూడు రాత్రులూ ఎవరికీ కనబడలేదు. అందుకని జానెడు కాన్వాసు ముక్క మీద ఒక పక్క 3 పోగులతో, పక్కనే 6 పోగులతో కుట్టి, కింద గీత గీసి, గల్లాపెట్టె పక్కన వేలాడదీయండి. వచ్చినవాళ్ళు వేలితో తడిమి చూస్తారు, గైడు ఎందుకో వాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఆ మాట. "ఫ్రీగా రాసిస్తే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఆ మాట విన్న మిగతా జనం ఏమనుకుని ఉంటారో ఆలోచించారా? ఈ అమ్మాయి డబ్బు రాకపోతే పని చెడగొట్టి ఇస్తుందని. మీరు చెడగొట్టలేదు, తెలియక రాశారు, కష్టపడే రాశారు. కోపంలో మీ మీద మీరే లేని నింద వేసుకున్నారు. దాన్ని విప్పాల్సింది మీరే.

టీచరుగారింటికి వెళ్ళండి. ఫోన్ చెయ్యకండి, వాట్సాప్ అసలు వద్దు. దసరా ముందే వెళ్ళండి, ఆ తర్వాత పైడితల్లమ్మ పండగ, సిరిమాను మంగళవారం దాకా మీకు కొట్లో ఊపిరాడదు, ఆవిడింటి నిండా చుట్టాలుంటారు. సరిపడా దారం, ఒకే లాటుది, తీసుకెళ్ళండి. "టీచరుగారూ, పోగుల లెక్క నేనే తప్పు రాశానండి, 6 ఉండాలి. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అని ఆ రెండు వాక్యాలే చెప్పండి. ఫోటోలు ఎందుకు పంపారని, దారం బయట ఎందుకు కొన్నారని అడగకండి. ఆ రెండూ నోటి దాకా వస్తాయి, మజ్జిగ ఇస్తే తాగి మింగెయ్యండి. కుట్టినదంతా విప్పమని కూడా అనకండి. 3 పోగులతో వేసిన చదరాల మీదే, అవే గళ్ళలో, ఇంకో 3 పోగులు వేసుకుంటూ వెళ్తే నిండుతుంది. కొత్తగా వేసినంత నునుపుగా ఉండదు గానీ విప్పిన కాన్వాసు కంటే నయం. ఆవిడ ఫ్రేముకి బిగించకుండా చేతిలో పట్టుకుని కుట్టి ఉంటే ఏనుగు ఒక పక్కకి వాలి ఉంటుంది. రంగులు కారవని ఒక మూల తడిపి చూసుకుని, కాన్వాసు చెమ్మ చేసి, చెక్క మీద నాలుగు పక్కలా లాగి తుప్పు పట్టని పిన్నులు గుచ్చి, పూర్తిగా ఆరేదాకా వదిలేస్తే నిలబడుతుంది. ఆ పని మీరే చేసిపెడతానని చెప్పండి, ఈ ఒక్కసారికీ ఉచితంగా. చిలకావిడ మాత్రం గోడ మీది రేటు చూసుకోవాల్సిందే.

మీ ఆయన మాట తీసిపారేయకండి. లేసులు, లైనింగులే మీ ఇల్లు నడుపుతాయి, నీడిల్‌పాయింట్ ఈ ఊళ్ళో ఎప్పటికీ అంత అమ్మదు. శనివారం సాయంత్రాలు ఈ పని ముట్టుకోకండి. వారంలో ఖాళీగా ఉండే ఒక మధ్యాహ్నం, బుధవారం 3 నుంచి 5 అనుకోండి, కాన్వాసులు అప్పుడే చూస్తానని చెప్పండి. ఒక నోటుబుక్కులో ఎవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎంత కొన్నారు రాసి పెట్టుకోండి. సంక్రాంతి వెళ్ళాక ఆ పుస్తకం మీ ఆయన ముందు పెట్టి, ఇద్దరూ కలిసి లెక్క చూసుకోండి.

గైడు తిరగరాశాక ఆ ఫోటోలు కూడా నాకు పంపండి. మొదటి దాంట్లో తొండం దగ్గర్నుంచి గోళ్ళ దాకా అన్నీ రాశారు గానీ, తోకకి ఏం వెయ్యాలో మాత్రం ఆరు పేజీల్లో ఎక్కడా లేదు.